నవ్వని పిల్లవాడే నవ్విస్తాడు

సోమవారం ఉదయం. స్వామి అనే బడిపిల్లవాడు పక్క మీద నుంచి లేవడు. తలనొప్పి అంటాడు. తల్లి జాలిపడి ఇంట్లో ఉండమంటుంది. తండ్రి నమ్మడు. అప్పుడు స్వామి మరో దారి తొక్కుతాడు. ఆలస్యంగా వెళితే శామ్యూల్ మాస్టారు బెత్తం పుచ్చుకుంటారని, నెత్తురు కళ్లజూస్తే గాని వదలరని కథ అల్లుతాడు. తండ్రికి ధర్మాగ్రహం కలుగుతుంది. ప్రధానోపాధ్యాయునికి ఘాటైన ఫిర్యాదు రాసి, కవరు అంటించి, దాన్ని అందజేసే బాధ్యత స్వామికే అప్పగిస్తాడు.

ఆర్.కె. నారాయణ్ రాసిన ‘ఫాదర్స్ హెల్ప్’ కథ ఇలా మొదలవుతుంది. 1982లో వెలువడిన ‘మాల్గుడి డేస్’ సంపుటంలో ఉన్న ఈ చిన్న కథను, బడి మీద హాస్యకథ రాయాలని ఉబలాటపడే యువరచయితలు మళ్లీ మళ్లీ చదవాలి. మొదటిసారి నవ్వుకోవడానికి, ఆ తరువాత ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో వెదకడానికి.

దారిలో స్వామికి అంతరాత్మ గుచ్చుకుంటుంది. శామ్యూల్ మాస్టారు నిజంగా అంత దుర్మార్గుడా? ఆయన ముఖం, సన్నని మీసం, పసుపు రంగు కోటు గుర్తుకు వచ్చి జాలి వేస్తుంది. ఉత్తరం సాయంత్రం ఇద్దామని నిశ్చయించుకుంటాడు. ఈలోగా మాస్టారు ఆ ఫిర్యాదుకు తగిన పని ఏదైనా చేయకపోతారా అని వాడి ఆశ. తీరా చూస్తే ఆనాడు మాస్టారు ఎన్నడూ లేనంత శాంతంగా ఉంటారు! ఇంటిలెక్కలు చేయలేదన్నా కోపగించుకోరు. చివరికి స్వామి పనిగట్టుకుని అల్లరి చేసి, ఎలాగో బెత్తం దెబ్బలు సంపాదించుకుని, తేలికపడిన మనసుతో ప్రధానోపాధ్యాయుని గదికి పరుగెత్తుతాడు. ఆయన వారం రోజుల సెలవులో ఉన్నారని బంట్రోతు చెబుతాడు. ఉత్తరం సహాయ ప్రధానోపాధ్యాయునికి ఇవ్వవచ్చునట. ఆయన ఎవరు? శామ్యూల్ మాస్టారే!

ఈ కథలో ఎవరూ హాస్యమాడరు. తండ్రి నిజంగా కోపగించుకున్నాడు, స్వామి నిజంగా భయపడ్డాడు, బంట్రోతు అడిగినదానికి జవాబు చెప్పాడు. నవ్వు పాఠకునికి మాత్రమే మిగిలింది. కొత్తగా కలం పట్టినవారు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. వారి కథల్లో పిల్లలు వాక్యానికొకసారి పగలబడి నవ్వుతారు. పాఠకుడు మాత్రం బిగుసుకుపోయి కూర్చుంటాడు.

రెండో రహస్యం ఆ కవరు. ఒక్క వస్తువు, దానితో ఒక్క చిక్కు. అది స్వామి చేతిలో ఉన్నంతసేపూ కథ నడుస్తుంది. పది జోకులు గుదిగుచ్చితే కథ కాదు. ఒక్క అబద్ధం చెప్పించి, దాని బరువును ఆ పిల్లవాడి చేతనే సాయంత్రం దాకా మోయించాలి. పెద్దవారు సాయం చేయబోయిన కొద్దీ చిక్కు మరింత బిగుసుకోవాలి.

నారాయణ్ తండ్రి స్వయంగా ప్రధానోపాధ్యాయుడు. అయినా కుమారునికి బడి మీద మమకారం కలగలేదు. బహుశా అందుకే ఆయన బడిని బల్లకు ఇవతలి వైపు నుంచి చూపగలిగారు. 1935లో వచ్చిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ నవలలో తండ్రి కొడుకు చేత మామిడిపళ్ల లెక్క చేయించే ఘట్టం ఒకటి ఉంది. స్వామికి అంకెల ధ్యాస లేదు. ఆ పళ్లు పండినవా కావా అన్నది తేలితే గాని ధర ఎలా చెప్పగలడు? తర్కానికి లోపం లేదు. తండ్రి సహనం నశించి చెవి మెలిపెడతాడు. లెక్క పూర్తయ్యేసరికి పిల్లవాడు ఏడుస్తాడు. నవ్వుతున్న పాఠకుడు చప్పున ఆగిపోతాడు. బాల్యంలో నవ్వుకూ ఏడుపుకూ మధ్య గోడ అంత పలుచన.

ఆ గోడను గౌరవించని రచనలే ఎక్కువ. నత్తి ఉన్న పిల్లవాడిని, నల్లని పిల్లను, చినిగిన చొక్కాను చూపి నవ్వించడం అతి సులభం. తరగతి గదిలో మొరటు పిల్లలు చేసేదీ అదే, దానికి రచయిత అవసరం లేదు. మాస్టారి బట్టతలతో సరిపెట్టుకోవడమూ అంతే. శామ్యూల్ మాస్టారి పసుపు కోటు వెక్కిరింతకు పెట్టినది కాదు. స్వామి మనసు కరగడానికి పెట్టినది.

తెలుగులో ఈ విద్యకు గురువును వెదకనక్కరలేదు. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ కలం నుంచి, బాపు బొమ్మలతో బుడుగు వెలువడ్డాడు. ‘ప్రైవేటు మాస్టారు’ వాడి నోట ‘ప్రెవేటు’ అయింది. ఆ ముద్దుమాటలను అనుకరించినవారు చాలామంది. కాని బుడుగు బలం ఉచ్చారణలో లేదు. పెద్దల మాటలు విని, వాటికి తనదైన అర్థం చెప్పుకుని, ఆ అర్థాన్ని వేదవాక్కుగా నమ్మడంలో ఉంది.

ఇంగ్లండులో ఆంథొనీ బకరిడ్జ్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు చెప్పిన కథల నుంచి జెనింగ్స్ అనే కుర్రవాడు పుట్టాడు. 1948లో బి.బి.సి. రేడియోకు ఎక్కాడు. ఇతని చిక్కులు చాలావరకు అపార్థాలే. మాస్టారు అన్నదొకటి, కుర్రవాడు గ్రహించినదొకటి. రెండూ పాఠకునికి ముందే తెలుసు. ఇద్దరూ ఎప్పుడు ఢీకొంటారా అని ఎదురుచూడడమే వినోదం.

ఇక సాధనకు ఒక చిన్న సన్నివేశం. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం కావాలి. లెక్కల్లో మార్కులు పదకొండు. కుర్రవాడు పాత నోటుపుస్తకంలో రెండు రోజులు సాధన చేసి, తండ్రి సంతకం తానే పెట్టేస్తాడు. సాధన ఎక్కువైనందువల్ల అది అసలుదానికంటే అందంగా వస్తుంది. మాస్టారికి అనుమానం రాదు. మరుసటి పరీక్షలో మార్కులు యాభై. ఈసారి గర్వంగా తండ్రి చేతికే కార్డు ఇస్తాడు. ఆయన కచేరీకి వెళ్లే తొందరలో చరచరా గీకి పారేస్తాడు. మాస్టారు రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి చూసి, రెండోది దొంగ సంతకమని తేల్చి, తండ్రిని వెంటబెట్టుకు రమ్మంటారు.

కుర్రవాడు సంచి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. తండ్రి వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.