కడలి లోతుకు చేరవలసిన కబురు

మదురై నాయకరాజులు తమ రాజ్యాన్ని 72 పాళెయాలుగా విభజించినప్పుడు వాటిలో పలు పాళెయాలు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల ఏలుబడిలోకి వచ్చాయి. ఆ వర్గానికి చెందిన విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు దిండిగల్లు సీమలో కూడగట్టిన కూటమి, 1800 జూన్ 3న కోయంబత్తూరులోని ఈస్టిండియా కుంఫిణీ దండుపై విరుచుకుపడాలని పథకం వేసింది. వేర్వేరు పాళెగాళ్ల బలగాలు వేగుల కబుర్లనే నమ్ముకుని కదలవలసి ఉండగా, రహస్యం ముందే పొక్కి దాడి విఫలమైంది. పట్టుబడిన వారిలో పలువురిని ఉరితీశారు. సైన్యానికి కబురు వేళకు అందాలి, శత్రువు చెవిన పడకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా శౌర్యం అక్కరకు రాదు.

నేటి సైనిక సమాచార వ్యవస్థకూ ఇవే చిక్కులు. పౌరుల మొబైల్ ఫోను స్థిరమైన టవర్ల మీద ఆధారపడితే, కదిలే దళం తన నెట్‌వర్క్‌ను వెంట మోసుకుపోవాలి. శత్రువు అదే పౌనఃపున్యంపై బలమైన తరంగాలను ప్రసరించి సంకేతాన్ని ముంచివేయగలడు. దీనినే జామింగ్ అంటారు. దాన్ని తప్పించుకోవడానికి రేడియోలు క్షణక్షణం పౌనఃపున్యం మారుస్తాయి. అయినా ప్రసారం చేసిన ప్రతిసారీ దళం తన చోటు బయటపెట్టుకున్నట్టే.

అన్నిటికన్నా కష్టమైనది జలాంతర్గామికి కబురు పంపడం. ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను ఇట్టే పీల్చేస్తుంది గనుక, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అతి తక్కువ పౌనఃపున్య తరంగాలను వాడతారు. అవి నీటిలో కొన్ని పదుల మీటర్ల దాకా దిగుతాయి. వాటి తరంగదైర్ఘ్యం కిలోమీటర్లలో ఉండటం వల్ల ఆకాశాన్నంటే స్తంభాలు కావాలి. సంభాషణ సాధ్యపడదు, పొట్టి సందేశాలే పోతాయి. పైగా ఇది ఒకవైపు దారి: జలాంతర్గామి వినగలదు గానీ, అదే మార్గంలో బదులు చెప్పలేదు.

భారత నౌకాదళం ఇటువంటి తరంగాల ప్రసార కేంద్రాన్ని తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో 1990లో ప్రారంభించి, 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన పాంచాలంకురిచ్చి పాళెగాడు, రాజకంబళ కులజుడైన కట్టబొమ్మన పేరు పెట్టింది. తెలుగువారు గర్వంగా చెప్పుకోదగిన విషయమిది. రెండో కేంద్రానికి 2024 అక్టోబరు 15న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన జరిగింది. దీనికి కేటాయించిన సుమారు 2,900 ఎకరాలు అటవీ భూమి కావడంతో చెట్ల గురించీ, అక్కడి రామలింగేశ్వరాలయానికి రాకపోకల గురించీ స్థానికులు ఆందోళన చెందారు. దేశరక్షణకు ఆ కేంద్రం ఎంత అవసరమో, అడవిని నమ్ముకున్న పల్లెలకు స్పష్టమైన జవాబు చెప్పడమూ అంతే అవసరం.