సాగరగర్భంలో ఛాయాగ్రహణం

సముద్రాన్ని రత్నాకరమన్నారు మన పూర్వులు. అందలి సంపదను దోచుకొనక, దాని రూపాన్ని మాత్రమే వెంట తెచ్చుకొనే విద్య జలాంతర ఛాయాగ్రహణం.

1893లో ఫ్రాన్సు దక్షిణ తీరాన బాన్యూల్స్ వద్ద లూయీ బూతాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, నీరు చొరని పెట్టెలో కెమెరాను అమర్చి కడలి లోపల చిత్రాలు తీశాడు. 1926లో లాంగ్లీ, మార్టిన్ అనే అమెరికనులు ఫ్లారిడా సమీపాన డ్రై టార్టూగాస్ దీవుల వద్ద నీటి లోపలి తొలి రంగుల చిత్రాలను సాధించారు. వెలుతురు కోసం వారు తెప్పపై మెగ్నీషియం పొడిని మండించవలసి వచ్చింది. నేడో, ఆస్ట్రేలియా తీరాన సుమారు 2,300 కిలోమీటర్లు పరచుకొన్న గ్రేట్ బారియర్ రీఫ్‌ను చూడవచ్చిన యాత్రికుడు స్నార్కెల్ అనే ఊపిరిగొట్టం నోట కరచుకొని, అరచేతిలో ఇమిడే కెమెరాతో ఆ పని చేస్తున్నాడు.

అయినా నీటి స్వభావం మారలేదు. సూర్యకాంతిలోని ఎరుపును అది ముందుగా హరిస్తుంది. కొద్ది మీటర్ల లోతుననే ఎర్రని చేప బూడిదరంగు దాల్చుతుంది. కాంతి వక్రీభవించుటచే వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగా, దగ్గరగా తోస్తాయి. కనుక మంచి చిత్రం కావాలంటే లోతు తక్కువగా ఉండాలి, ఎండ నిండుగా ఉండాలి, వస్తువును సమీపించాలి.

చిక్కు ఆ సమీపించుటలోనే ఉన్నది. పగడం రాయి కాదు. అసంఖ్యాక చిరుప్రాణుల కాపురం. గుండ్రని బండల వలె పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుటే గగనం. ఈదేవాని కాలిరెక్క ఒక్కసారి తాకితే ఏండ్ల శ్రమ క్షణంలో విరిగిపోతుంది.

ఇంతకంటె పెద్ద ఆపద సముద్రం వేడెక్కుట. పగడానికి ఆహారాన్నీ, రంగునూ ఇచ్చేవి దాని దేహంలో నివసించే సూక్ష్మ శైవలాలు. నీరు మితిమీరి వేడెక్కితే పగడం వానిని వెళ్లగొట్టి తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే తేరుకుంటుంది. లేకుంటే ఆకలితో మరణిస్తుంది. గ్రేట్ బారియర్ రీఫ్ 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాలలో విస్తారంగా తెల్లబారింది. మన లక్షదీవుల పగడాలకూ 1998, 2010, 2016లలో ఈ గతి పట్టింది.

తెలియనివానికి ఆ తెలుపు వెన్నెల వలె మనోహరం. తెలిసినవానికి అది వ్యాధి లక్షణం. అందుచేత యాత్రికుడు తన చిత్రానికి స్థలాన్నీ తేదీనీ చేర్చి భద్రపరచుట మేలు. అదే తావున మరి కొన్నేండ్లకు మరొకరు తీసే చిత్రాన్ని దాని సరసన ఉంచినప్పుడు, ఆ పగడం బ్రతికినదో లేదో ఎవరైనా చెప్పగలరు.