నమ్మడం తేలికే.. రద్దు చేయడమే అసలు పని!

మడికొండ ఐటీ సెజ్‌లో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు 2020 జనవరిలో మొదలయ్యాయి. ఊళ్లోనే ఐటీ కొలువు కావాలనుకునే వరంగల్ విద్యార్థుల రెజ్యూమెలు చూస్తే చాలావరకు ఒకటే వరస: జావా, పైథాన్, ఒక వెబ్ ప్రాజెక్టు. ఈసీఈ, సీఎస్‌ఈ రెండింటికీ పనికొచ్చి, తక్కువ మంది ముట్టుకునే టాపిక్ ఒకటుంది. అదే సెక్యూర్ బూట్.

ఎలా పనిచేస్తుంది?

పవర్ బటన్ నొక్కగానే ముందుగా నడిచేది విండోస్ కాదు, ఫర్మ్‌వేర్. అది బూట్‌లోడర్‌ని, బూట్‌లోడర్ కెర్నల్‌ని లోడ్ చేస్తాయి. ఈ దశలో మాల్‌వేర్ దూరితే యాంటీవైరస్ ఏమీ చేయలేదు, అదింకా మొదలే కాలేదు కదా! అందుకే ఫర్మ్‌వేర్ ముందే డిజిటల్ సంతకం చూస్తుంది.

పరీక్ష హాలునే ఊహించుకోండి. లోపలికి రానివ్వాల్సిన వాళ్ల జాబితా 'డీబీ'. డీబార్ అయినవాళ్ల జాబితా 'డీబీఎక్స్'. పేరు రెండింట్లోనూ ఉంటే డీబార్‌దే పైచేయి. ఈ జాబితాల్ని మార్చే అధికారం 'కేఈకే' కీది. దానికీ పైన ఉండేది ప్లాట్‌ఫామ్ కీ, అంటే 'పీకే'.

చిక్కు ఎక్కడ?

2020 జులైలో గ్రబ్2 బూట్‌లోడర్‌లో 'బూట్‌హోల్' లోపం బయటపడింది. సంతకం అసలుదే, కోడ్‌లోనే తప్పు. కొత్త వెర్షన్ ఇచ్చినా సరిపోదు. పాత ఫైల్ మీద సంతకం ఇంకా చెల్లుతుంది కాబట్టి దాడి చేసేవాళ్లు దాన్నే తెచ్చి పెట్టొచ్చు. దాంతో 3 సర్టిఫికెట్లు, సుమారు 150 హ్యాష్‌లు డీబీఎక్స్‌లో చేర్చాల్సి వచ్చింది. ఫర్మ్‌వేర్‌లో ఉండే దాదాపు 32 కేబీ చోటులో 10 కేబీ ఒక్కదెబ్బకే పోయింది. అందుకే ఒక్కో ఫైల్‌ని కాకుండా, ఫలానా తరానికి ముందువన్నీ చెల్లవని ఒకే అంకెతో చెప్పే 'ఎస్‌బ్యాట్' పద్ధతి వచ్చింది.

రద్దు ఆలస్యమైతే ప్రమాదం. 2023లో చర్చకొచ్చిన 'బ్లాక్‌లోటస్' మాల్‌వేర్, అప్పటికే సరిచేసిన లోపమున్న పాత విండోస్ ఫైళ్లనే వాడుకుంది. తొందరపడినా ఇబ్బందే. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఎస్‌బ్యాట్ మార్పు వల్ల కొన్ని డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ లోడ్ కాలేదు.

మీరే చేసి చూడండి

సొంత ల్యాప్‌టాప్ మీద ప్రయోగాలొద్దు. క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్, ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేర్ చాలు, రెండూ ఉచితమే.

* ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మూడు కీలు తయారు చేయండి.
* డీబీ, కేఈకే ఎక్కించాక పీకేని చివర్లో ఎక్కించండి. అది ఎక్కగానే తాళం పడినట్టే.
* మీ కీతో బూట్‌లోడర్‌కి సంతకం చేసి బూట్ చేయండి.
* దాని హ్యాష్‌ని డీబీఎక్స్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఈసారి ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు.

అదే ఫైల్‌కి మళ్లీ సంతకం చేస్తే నడుస్తుందా? నడవదు. ఆ హ్యాష్ లెక్కలో సంతకం భాగాన్ని కలపరు. ఎందుకో మీ మాటల్లో వివరించగలిగితే ఫర్మ్‌వేర్, ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో మీ మాటకి బరువుంటుంది.

ఈ నైపుణ్యం అవసరం ఇప్పట్లో తీరేది కాదు. మైక్రోసాఫ్ట్ 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి వరసగా ముగుస్తోంది. కంప్యూటర్లు ఆగిపోవు గానీ, కొత్త కీలు ఎక్కనివాటికి బూట్ భద్రతా అప్‌డేట్లు అందవు. ఆ పని తెలిసినవాళ్లు కావాలి. సెమిస్టర్ సెలవుల్లో ఒక వారం కేటాయించండి. మీరు చేసిన ప్రతి మెట్టునీ, వచ్చిన ప్రతి ఎర్రర్‌నీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి.