సగం సందేశం, పూర్తి బాధ్యత
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటర్ ఎంపీసీ చదివే మీకు సముద్రం దూరమే. అయినా ఓ రాత్రి ‘క్రిమ్సన్ టైడ్’ (1995) చూడండి. అమెరికా జలాంతర్గామికి అందుతున్న సందేశం మధ్యలోనే తెగిపోతుంది. ముందొచ్చిన ఆదేశం ప్రకారం అణు క్షిపణులు వదలాల్సిందేనంటాడు కెప్టెన్. సందేశం మొత్తం తెలిసేదాకా ఆగుదామంటాడు కింది అధికారి. అక్కడ మొదలవుతుంది తిరుగుబాటు. మన ‘ఘాజీ’ (2017)లో కేకే మీనన్, రానా పోట్లాడుకునేదీ ఇంచుమించు ఇందుకే. కాకపోతే అక్కడ కెప్టెన్‌ది ఆదేశం రాకముందే దాడికి దిగే దూకుడు.

నేవీ మీద మనసుంటే 10+2 బీటెక్ ఎంట్రీ చూసుకోండి. ఎంపీసీలో 70 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం, జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. తర్వాత ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ గోల పెడుతుంటే ‘ఆగండి, ఇంకోసారి చూద్దాం’ అనగలరా? ర్యాంకు తెచ్చుకున్నంత తేలిక కాదిది.

ఈలోపు మిర్యాలగూడలో విశాఖ రైలెక్కి, ఆర్కే బీచ్‌లోని ఐఎన్‌ఎస్ కుర్సుర లోపలికి దూరి రండి. పై అధికారికి ఎదురు చెప్పి పక్కకు తప్పుకోవడానికి కూడా చోటుండదక్కడ. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.