ఇంటికి ఎన్ని టన్నుల చల్లదనం?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ప్రావిడెంట్ ఫండు సొమ్ముతోను, గృహనిర్మాణ ఋణంతోను ఇల్లు కట్టుకొనే ఉద్యోగికి ఆ మాటలోని బరువు బాగా తెలుసు. సిమెంటు, ఇనుము, ఇసుకల లెక్క పైసలతో సహా వేసుకొనే మనము ఎ.సి. దగ్గరకు వచ్చేసరికి మాత్రం "పెద్దది కొంటే చల్లగా ఉంటుంది" అన్న మాటతో సరిపెట్టుకొంటున్నాము. ఆ మాటలో నిజమెంతో షాలిమార్‌ను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాము.

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న షాలిమార్ తెలుగువారికి కొత్త పేరు కాదు. విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ నేడు ఇక్కడి నుండే బయలుదేరుతున్నది. ఆ రైలు సాగే తీరమంతా ఉక్కపోతకు నిలయమే. కావున షాలిమార్‌లో ఫ్లాటు తీసుకొన్నవారికి చెప్పే లెక్క విశాఖలోనో, కాకినాడలోనో ఇల్లు కట్టేవారికి కూడ చాలవరకు వర్తిస్తుంది.

టన్ను అనగానేమి?

ఎ.సి. టన్నుకు యంత్రం బరువుతో సంబంధం లేదు. అది మంచుగడ్డల కాలం నాటి కొలత. 1833 సెప్టెంబరులో బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన 'టస్కనీ' అనే ఓడ మంచుగడ్డలతో హుగ్లీ మీదుగా కలకత్తా చేరింది. బయలుదేరినప్పుడు 180 టన్నులున్న మంచు రేవు చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. అమెరికా లెక్కలో ఒక టన్ను, అనగా 907 కిలోల మంచు, 24 గంటలలో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని తొలగించగల శక్తిని ఒక టన్ను అంటారు. అది సుమారు 3,500 వాట్లకు సమానం.

ఉక్కపోత సమస్య

ఎ.సి. చేయవలసిన పనులు రెండు: వేడిని తగ్గించడం, తేమను తీసివేయడం. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం రూపొందించిన ఏర్పాటు ముఖ్యంగా తేమను అదుపు చేయడానికే.

బయట 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వర్షాకాలపు రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 24 డిగ్రీల వద్ద హాయిగా ఉండే గదిలో 12 గ్రాములు చాలు. ఈ లెక్కన ఒక మోస్తరు పడకగదిలోని గాలి ఒక్కసారి మారితే 600 గ్రాముల నీటిని బయటకు పంపవలసి వస్తుంది. యంత్రం చల్లని కాయిల్ మీదుగా గాలిని చాలాసేపు నడిపినప్పుడే ఆ నీరు బొట్లుగా జారిపోతుంది. అవసరానికి మించిన యంత్రం గదిని క్షణాలలో చల్లబరచి ఆగిపోతుంది. తేమ మాత్రం మిగిలిపోతుంది. గది చల్లగా ఉన్నా పక్కలు చెమ్మగిల్లుతాయి, గోడలకు బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న వృద్ధులకు, పిల్లలకు ఇది మంచిది కాదు. ఇన్వర్టర్ యంత్రాలు వేగాన్ని తగ్గించుకొనగలవు గాని, దానికీ ఒక హద్దున్నది.

ఒక గది లెక్క

పై అంతస్తులో 14 చదరపు మీటర్ల పడకగది, పడమటి వైపు ఒక కిటికీ ఉన్నదనుకొందాము. మిట్టమధ్యాహ్నం దాటిన తరువాత వేడి రాక స్థూలంగా ఇట్లుంటుంది: ఎండకు కాగిన శ్లాబు నుండి 900 వాట్లు, కిటికీ ఎండ నుండి 600, పడమటి గోడ నుండి 250, తక్కిన గోడల నుండి 200, ఇద్దరు మనుషుల నుండి 250, దీపాలు, పరికరాల నుండి 150, సందులలో చొరబడే తేమగాలి నుండి 350. మొత్తం 2,700 వాట్లు. ఒక టన్ను ధారాళంగా సరిపోతుంది. ఒకటిన్నర టన్ను కొంటే అవసరానికి దాదాపు రెట్టింపు.

ఇంకొక విశేషం గమనించండి. కప్పు మీద ఉష్ణనిరోధక పొర వేయిస్తే 900 వాట్లు 200కు తగ్గుతాయి. కిటికీకి బయట సజ్జ గాని, చాప గాని ఉంటే 600 వాట్లు 200 అవుతాయి. అప్పుడు మొత్తం 1,600 వాట్లే, 0.8 టన్ను యంత్రం చాలు. కప్పుపై ఒక్కసారి చేసిన ఖర్చు ప్రతి నెలా కరెంటు బిల్లులో తిరిగి వస్తుంది.

డక్టుల ఏర్పాటు

గదికొక స్ప్లిట్ యంత్రం పెట్టేవారికి డక్టులు అవసరం లేదు. ఇల్లంతటికీ ఒకే యంత్రం కోరేవారు మాత్రం శ్లాబు పోయకముందే ఆలోచించాలి. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి నడవాలి. గాలి వేగం నిమిషానికి 600 అడుగులకు మించకుండ ఉండాలంటే 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు గల డక్టు కావాలి. చోటు చాలలేదని దానిని సగానికి కుదిస్తే వేగం రెట్టింపై హోరు పుడుతుంది. ఒరిపిడి నష్టం నాలుగు రెట్లు దాటుతుంది. గాలి చాలక కాయిల్‌పై మంచు పేరుకొంటుంది. ఫాల్స్ సీలింగ్ మూసిన తరువాత దానిని సరిదిద్దాలంటే కప్పు విప్పవలసిందే.

కట్టుబడికి ముందు గుర్తుంచుకొనవలసినవి:

1. గదివారీగా వేడి లెక్క వ్రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. కేవలం చదరపుటడుగులు చూసి చెప్పే టన్నులు నమ్మదగినవి కావు.

2. డక్టుకు, దాని నిరోధక పొరకు, దూలాలకు కలిపి సుమారు ఒక అడుగు ఎత్తు వదలాలి.

3. గాలి యంత్రానికి తిరిగి చేరే దారి ప్రతి గదికి ఉండాలి. తలుపులు మూస్తే గాలి స్తంభించరాదు.

4. అతుకులు బిగువుగా ఉండాలి. చల్లని డక్టుపై పొర తొలగిన చోట నీరు చెమర్చి సీలింగ్ పాడవుతుంది.

5. నీటి గొట్టం యంత్రం నుండి బయటికి వాలుగా ఉండాలి.

పునాది తీసేనాడే ఈ లెక్కకు కాగితం, కలం పట్టుకొంటే ఖర్చు స్వల్పం. నూతన గృహాలు నిర్మించుకొంటున్న మన సహోద్యోగులు ఇంజనీరుతో, మేస్త్రీతో కూర్చొని, కుటుంబ సభ్యులను కూడ పిలిచి, ఈ విషయాలు ముందుగానే చర్చించుకొందురు గాక.