మెనోపాజ్ టైమ్‌లో చెమట వాసన వేధిస్తోందా? సెంటు కొట్టుకుంటే పోదు.. అసలు కారణం ఇదీ!

రెండు పూటలా స్నానం చేస్తారు. ఉతికిన బట్టలే కట్టుకుంటారు. అయినా మధ్యాహ్నానికల్లా జాకెట్టు చంకల దగ్గర తడిసిపోయి, ఇంతకుముందెప్పుడూ లేని వాసన. నలభై అయిదు దాటిన చాలామంది మహిళలు ఎవరికీ చెప్పుకోలేక ఇబ్బంది పడే సమస్య ఇది. శుభ్రత లేదనుకుంటారేమోనన్న భయంతో పెళ్లిళ్లు, ఫంక్షన్లకు వెళ్లడం మానేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి దీనికి శుభ్రతతో పెద్దగా సంబంధమే లేదు.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో సగటున 46-47 ఏళ్లకే ఈ దశ వచ్చేస్తోంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడం మొదలవుతుంది. దాని ప్రభావం మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్‌పై పడుతుంది. వేడి కాస్త పెరిగినా చాలు, ఒళ్లు కాగిపోతోందనుకుని చెమట పట్టించేస్తుంది. ఒక్కసారిగా వేడి ఆవిర్లు రావడం, రాత్రి నిద్రలో దిండు తడిసిపోవడం అందుకే.

చెమటకు పుట్టగానే పెద్దగా వాసన ఉండదు. చంకలు, గజ్జల్లోని కొన్ని గ్రంథుల చెమటలో కొవ్వు, ప్రొటీన్లు ఉంటాయి. చర్మంపై ఉండే బ్యాక్టీరియా వాటిని తిన్నప్పుడే వాసన పుడుతుంది. చెమట ఎక్కువై తడి ఆరకపోతే బ్యాక్టీరియాకు పండగే!

తెలుగు రాష్ట్రాల్లో మరో కోణం కూడా ఉంది. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ మెల్లగా కాదు, ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆవిర్లు, చెమటలు మరీ తీవ్రంగా ఉంటాయి. ముప్ఫైల్లోనే ఆపరేషన్ అయినవాళ్లకు ఇది ఎందుకొస్తోందో కూడా తెలియదు. అప్పట్లో ఏం తీశారో డిశ్చార్జి కాగితాల్లో చూసుకోవడం మంచిది.

డియోడరెంట్ వేరు, యాంటీపెర్‌స్పిరెంట్ వేరు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డియోడరెంట్ వాసనపైనే పనిచేస్తుంది, చెమటను తగ్గించదు. యాంటీపెర్‌స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమట నాళాలను తాత్కాలికంగా మూసి, అసలు చెమటనే తగ్గిస్తాయి. దాన్ని పొద్దున హడావుడిగా కాకుండా రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చర్మంపై రాసుకోవాలి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి బాగా పట్టుకుంటుంది. దీనివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారానికి స్పష్టమైన ఆధారాలు లేవు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి వాడాలి.

అది చాలకపోతే మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ మందుల షాపుల్లో దొరుకుతుంది. చంకల్లో ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేస్తే బ్యాక్టీరియా తగ్గుతుంది. చర్మం మండితే ఆపేయాలి. రంగు బట్టలకు, తువ్వాలుకు తగిలితే మాత్రం రంగు పోతుంది, జాగ్రత్త.

బట్టల సంగతి కూడా చూసుకోవాలి. పాలిస్టర్‌లో వాసన గట్టిగా పట్టేసుకుంటుంది, ఉతికినా ఒక పట్టాన వదలదు. రోజువారీకి కాటన్ జాకెట్లు, కాటన్ నైటీలే హాయి. తిరగేసి ఉతికి, ఎండలో ఆరేయాలి. పొగలు కక్కే టీ, కాఫీ, ఘాటైన కారం కొందరిలో ఆవిర్లను రేపుతాయి. ఏది పడట్లేదో రెండు వారాలు గమనించుకుంటే తెలిసిపోతుంది, అన్నీ మానేయాల్సిన పని లేదు.

అక్కడ సెంటు సబ్బులు వద్దు

ఈస్ట్రోజెన్ తగ్గితే యోని దగ్గర సహజమైన ఆమ్లత్వం కూడా తగ్గి, వాసన మారుతుంది. పోగొట్టుకుందామని సువాసన వాష్‌లతో లోపల కడిగితే సమస్య ఇంకా పెరుగుతుంది. బయట మాత్రమే నీళ్లతో కడుక్కుంటే చాలు. చేపల వాసన, దురద, తెల్లబట్ట ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, గైనకాలజిస్ట్‌కి చూపించాలి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడి వాసన వస్తున్నా సిగ్గుపడకుండా చెప్పాలి, దానికీ చికిత్స ఉంది.

ఆవిర్లు నిద్ర కూడా పట్టనివ్వకపోతే హార్మోన్ థెరపీ బాగా పనిచేస్తుంది. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. వాళ్లకు హార్మోన్లు లేని మందులున్నాయి. కొన్ని డిప్రెషన్ మాత్రలతో కూడా చెమట పెరుగుతుంది, అలాగని సొంతంగా ఆపేయకూడదు.

ప్రతి చెమటనూ మెనోపాజ్ ఖాతాలో వేసేయడం కూడా ప్రమాదమే. రాత్రి చెమటలతో పాటు బరువు తగ్గడం, జ్వరం, రెండు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. గుండె దడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసంతో చల్లటి చెమటలు పోస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.