మంచుపై నడక: ఒక శీతకాల ప్రయాణము

మన ఖమ్మము ప్రాంతమువారికి ఎండను గూర్చి ఒకరు చెప్పవలసిన పనిలేదు. రోహిణీకార్తెలో తల్లాడ కూడలియందు మిట్టమధ్యాహ్నము ఐదు నిమిషములు నిలిచినవాడు ఉష్ణవికిరణమనగా నేమో పుస్తకము తెరవకయే గ్రహించును. చలి మాట అట్లు కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున భద్రాచలము అడవులవైపునుండి చలిగాలి వీచినప్పుడు వీధి మొగలో తాటాకులు పోగుచేసి మంట వేసికొందుము. ప్రొద్దు బారెడెక్కగానే ఆ సంగతి మరచిపోదుము. నీరు గడ్డకట్టు చలిని నేను ముప్పదియేండ్లు దాటువరకు సోడా బండిలోని మంచుగడ్డవద్ద తప్ప ఎరుగను. అట్టి నాకు కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు నెలలో, స్వీడను దేశపు ముఖ్యపట్టణమగు స్టాక్‌హోములో జరిగిన ఒక సదస్సునకు పోవలసివచ్చినది. తక్కువ ఖర్చు పరికరములతో భౌతికశాస్త్రమును బోధించు పద్ధతులను గూర్చి అచట నేనొక వ్యాసము చదువవలెను.

"అంత చలిలో ఎట్టా ఉంటావు నాయనా?" అని మా అమ్మ అడిగినది. "పిల్లలకు చలీ వేడీ పాఠం చెప్పేవాణ్ణి, నాకు తెలియదా అమ్మా!" అని నవ్వితిని. ఆ నవ్వునకు తగిన శాస్తి తరువాత జరిగినది.

శీతకాలములో ఆ పట్టణమునకు పోయిన భారతీయులలో మనము మొదట తలచుకొనవలసినవారు చంద్రశేఖర వెంకట రామన్. ఆయన పుట్టినది తిరుచిరాపల్లిలోనైనను, తండ్రి విశాఖపట్టణపు కళాశాలలో అధ్యాపకులగుటచే బాల్యపు చదువు విశాఖలో సాగినది. ఆయన 1930 డిసెంబరు 10వ తేదీన స్టాక్‌హోములో నోబెలు బహుమానమును అందుకొని, మరునాడు కాంతి పరిక్షేపణమును గూర్చి ఉపన్యసించెను. సముద్రపు నీలివర్ణమునకు కారణము వెదకిన ఆ మహానుభావుడు సూర్యుడు సరిగా కనిపింపని కాలములో అక్కడికి పోవలసివచ్చుట ఒక వింత.

సూర్యుడు సరిగా కనిపింపడన్నది అతిశయోక్తి కాదు. లెక్క చూడుడు. స్టాక్‌హోము అక్షాంశము సుమారు 59.3 డిగ్రీల ఉత్తరము. తల్లాడది సుమారు 17.2 డిగ్రీలు. డిసెంబరు 22 ప్రాంతమున సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణముగా 23.4 డిగ్రీలయందుండును. 90 నుండి ఈ రెండు సంఖ్యలను తీసివేసినచో మధ్యాహ్నపు సూర్యుని ఎత్తు వచ్చును. తల్లాడలో అది 49 డిగ్రీలకు పైన. స్టాక్‌హోములో 7 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి వెడల్పు మన కంటికి సుమారు 10 డిగ్రీలు. కనుక మన ఊరిలో ఐదు పిడికిళ్ళ ఎత్తున నిలుచు సూర్యుడు అక్కడ ఒక్క పిడికిలియైనను ఎక్కడు. అంత వాలుగా పడిన కిరణములు చాల విశాలమైన నేలపై పరచుకొనును. ఆ వాలు ఒక్కటే చదరపు మీటరు నేలకు చేరు వేడిని, మధ్యాహ్నవేళ సైతము, మనకు చేరుదానిలో ఆరవ వంతునకు తగ్గించును. పైగా మనకు ఆ దినమున పగలు పదునొకండు గంటలు. వారికి ఆరు గంటలు. మధ్యాహ్నము మూడు గంటలు కొట్టకముందే దీపములు వెలిగించిరి! మొదటి దినమున నేను రాత్రి భోజనపు వేళయైనదని భ్రమపడి లేచి గడియారము చూచి మరల కూర్చుంటిని.

గడియారము మాట వచ్చినది గనుక విద్యార్థులకొక చిన్న లెక్క. మన దేశపు కాలము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టియు, స్వీడనువారి శీతకాలపు కాలము 15 డిగ్రీల రేఖాంశమును బట్టియు ఏర్పడినవి. భేదము 67.5 డిగ్రీలు, గంటకు 15 డిగ్రీల చొప్పున నాలుగున్నర గంటలు. కాని తల్లాడ ఉన్నది 80.4 డిగ్రీలవద్ద, స్టాక్‌హోము 18 డిగ్రీలవద్ద. నిజమైన సూర్యుని లెక్క ప్రకారము రెండు ఊళ్ళకు ఎంత భేదమో మీరే కట్టుకొనుడు.

ఇంత తక్కువ ఎండ పడు ఊరు నిజమునకు ఇంకను చల్లగా ఉండవలసినది. ఇంచుమించు అదే అక్షాంశమున రష్యా తూర్పు తీరమునగల మగదాన్ పట్టణములో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నకు 15 డిగ్రీల దిగువకు పోవును. స్టాక్‌హోములో అది సున్నకు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే దిగువ. అట్లాంటికు మహాసముద్రము వేసవిలో దాచుకొన్న వేడిని, దక్షిణమునుండి వచ్చు ఉష్ణప్రవాహములు తెచ్చిన వేడిని, పడమటి గాలులు ఐరోపాపైకి మోసికొనివచ్చుటయే ఈ అదృష్టమునకు కారణము. గాలి ఉత్తరమునకో తూర్పునకో తిరిగిన దినమున మాత్రము ఆ అదృష్టము ఉండదు. నేను వెళ్ళిన మూడవ దినమున అదే జరిగినది. ఉష్ణోగ్రత సున్నకు దిగువ 9 డిగ్రీలకు పడినది.

ఈ డిగ్రీలు కూడ ఆ దేశపువే. స్టాక్‌హోమునకు ఉత్తరముగా 70 కిలోమీటర్లలోనున్న ఉప్సాలా విశ్వవిద్యాలయపు ఖగోళశాస్త్రాచార్యుడు ఆండర్స్ సెల్సియస్ 1742లో ఈ కొలమానమును ప్రతిపాదించెను. అయితే ఆయన నీరు మరుగు స్థానమునకు 0 అనియు, గడ్డకట్టు స్థానమునకు 100 అనియు పెట్టెను! ఆయన 1744లో మరణించిన పిమ్మట అది తలక్రిందులు చేయబడి నేటి రూపము దాల్చినది. ఆయన లెక్కనే నిలుపుకొన్నచో ఆ నాటి చలి 109 డిగ్రీలనవలెను.

చలి నన్ను వీధిలోకంటె గదిలో ఎక్కువ బాధించినదనిన నమ్ముదురా? పెదవులు పగిలినవి, గొంతు ఎండినది, తలుపు పిడి ముట్టుకొనగానే చురుక్కుమని విద్యుత్తు తగిలినది. గదిలో వెచ్చగా 22 డిగ్రీలున్నది. మరి ఈ బాధ ఏల? సున్నకు దిగువ 9 డిగ్రీల గాలి ఒక ఘనమీటరునందు సుమారు రెండున్నర గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. ఆ గాలినే ఇంటిలోనికి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేసినచో దాని తాహతు 19 గ్రాములకు పెరుగును గాని దానిలోనున్న ఆవిరి పెరుగదు. కనుక సాపేక్ష ఆర్ద్రత నూటికి 13 వంతులే. ఆ లోటును అది మన పెదవులనుండియు ముక్కునుండియు తీర్చుకొనును. మన వానాకాలపు గాలిలో ఘనమీటరునకు 25 గ్రాములకు పైగా ఆవిరియుండు దినములు కలవు. అందుచేత ఒంటిపై చేరిన విద్యుదావేశము వెంటనే జారిపోవును. పొడిగాలిలో పోవుటకు దారిలేక తలుపు పిడికై వేచియుండును. గదిలో ఒక గిన్నెతో నీరు పెట్టి తడి తువాలు ఆరవేసికొంటిని, కొంత మేలైనది.

బట్టల విషయము ఎక్కువ చెప్పనక్కరలేదు. కంబళి వేడిని పుట్టింపదు. తన నూలుపోగుల నడుమ గాలిని కదలకుండ పట్టియుంచును. నిలకడగానున్న గాలి నీటికంటె ఇరువది రెట్లకు మించి అధమవాహకము. అందుచే ఒక్క దళసరి కోటుకంటె రెండు మూడు పలుచని ఉన్నిబట్టలు మేలు. చెమటను పీల్చి తడిసి ఒంటికంటుకొను నూలుబనీను అక్కడ శత్రువు.

ఇక నా పరాభవము. మూడవ దినము ఉదయము తొమ్మిదిన్నరకు నా వ్యాసపఠనము. ముందునాడు కరగిన మంచు రాత్రి చలికి కాలిబాటపై గాజుపలకవలె గడ్డకట్టినది. నేను తోలు అడుగుగల బూట్లు తొడిగి, మన ఊరి రోడ్డుపై నడచినట్లే కాళ్ళు చాచి నడచితిని. ఎనిమిదవ అడుగో తొమ్మిదవ అడుగో గాని, ఆకాశము కనిపించినది. కాగితములు చెల్లాచెదరైనవి. డెబ్బదియేండ్ల ముదుసలి ఒకామె చేయి అందించి లేపినది. ఆమె బూట్ల అడుగున చిన్న ఇనుప మేకులున్నవి! ఆమె చక్కగా నడచిపోయినది.

ఎముకలు విరుగలేదు. కాని ట్రాము వచ్చువరకు నిలిచి కాగితములు సర్దుకొనుచుండగా వాటిలోని ఒక వాక్యము కంటబడినది. నా వ్యాసములో వర్ణించిన ప్రయోగములలో ఒకటి మీలో చాలమంది ఎరిగినదే: మంచుగడ్డపై సన్నని రాగితీగ వేసి రెండు కొనలకు బరువులు కట్టినచో తీగ గడ్డను కోసికొనుచు దిగును, పైన గడ్డ మరల అతుకుకొనును. పీడనము పెరిగినచో మంచు ద్రవీభవన స్థానము తగ్గుటయే దీనికి కారణము. దాని క్రింద నేను, "మంచుపై మనుష్యుడు జారుటకును ఇదియే కారణము" అని వ్రాసియుంటిని. పదియేండ్లుగా తరగతిలో చెప్పుచున్న మాట అది.

అప్పుడే పడి లేచినవాడనగుటచే లెక్క కట్టవలెనని తోచినది. ఒక వాతావరణ పీడనము మంచు ద్రవీభవన స్థానమును 0.0074 డిగ్రీ మాత్రమే తగ్గించును. నా బరువు 65 కిలోలు. ఒక బూటు నేలనంటు వైశాల్యము 130 చదరపు సెంటీమీటర్లనుకొందము. పీడనము సుమారు అర వాతావరణము. తగ్గుదల డిగ్రీలో వేయింట నాలుగు వంతులు! ఆ దినమున కావలసినది 9 డిగ్రీలు. అందులకు వేయి వాతావరణములకు మించిన పీడనము కావలెను. అంత బరువు ఏనుగునకును లేదు. సన్నని అంచుగల ఉక్కుబద్దలపై జారువానికి సైతము ఇరువది వాతావరణములు వచ్చినచో డిగ్రీలో ఏడవ వంతు తగ్గును, అంతే.

తీగ ప్రయోగము అబద్ధము కాదు. అర మిల్లీమీటరుకన్న సన్నని తీగకు పది కిలోల బరువు కట్టినచో పీడనము ఇరువదియైదు వాతావరణములదాక పోవును. ద్రవీభవన స్థానము డిగ్రీలో ఐదవ వంతు తగ్గును. ఖమ్మములో బల్లపై పెట్టిన మంచుగడ్డ అప్పటికే 0 డిగ్రీలవద్ద కరగుచుండును గనుక ఆ కొంచెమే చాలును, పైగా తీగ వెంట బయటి వేడియు లోనికి పోవును. ఆ రాత్రి నేను బస కిటికీ వెలుపల ఆరుబయట అదే ప్రయోగము చేసితిని. తెల్లవారువరకు తీగ గమనింపదగినంత దిగలేదు.

మరి జారుటకు కారణమేమి? మైకేల్ ఫారడే 1850లోనే, రెండు మంచుముక్కలను తాకించినచో అవి అతుకుకొనుట చూపి, మంచు ఉపరితలమున పలుచని నీటిపొర ఉండునని ఊహించెను. లోపలి అణువులను అన్నివైపులనుండి పొరుగు అణువులు పట్టియుంచును. ఉపరితలపు అణువులకు పైన పట్టువారు లేరు. అందుచే అవి సున్నకు దిగువను సైతము కొంత స్వేచ్ఛగా కదలుచుండును. కాని పీడన సిద్ధాంతమే పాఠ్యపుస్తకములకు ఎక్కినది. దానిని జారుబద్దలకు అన్వయించినవాడు డబ్లిను నగరపు జాన్ జోలీ, 1886లో. 1939లో బౌడెన్, హ్యూస్ అనువారు ఘర్షణవలన పుట్టు వేడియే మంచును కరగించునని ప్రయోగములతో చూపిరి. ఈ రెండు కారణములు కలిసి పనిచేయుననుట నేడు చాలమందికి సమ్మతము. ఆ పొర స్వభావమును గూర్చి పరిశోధనలు ఇంకను సాగుచునే యున్నవి.

ట్రాములోనే ఆ వాక్యమును కొట్టివేసితిని. సభలో ఊరక చదివి దిగిపోవచ్చును. కాని తడిసిన పంట్లాముతో నిలిచినవాడు సంజాయిషీ ఇచ్చుకొనవలెను గదా! పడిన సంగతియు, లెక్కయు చెప్పితిని. నవ్విరి. ఫిన్లాండునుండి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు లేచి, తమ బడిలోను చాలకాలము అదే చెప్పితిమనెను. మంచులో పుట్టి పెరిగినవారును ఆ పాఠమునే చెప్పిరని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది.

తిరిగి బసకు నడచుటయెట్లు? అక్కడివారు కాలిబాటలపై గులకయిసుక చల్లుదురు. ఉప్పు చల్లినను నీటి ఘనీభవన స్థానము తగ్గును గాని, సున్నకు దిగువ 21 డిగ్రీల తరువాత అదియు పనిచేయదు. ఇసుక లేనిచోట నాకు మా చేను జ్ఞప్తికి వచ్చినది. తొలకరి వానకు నల్లరేగడి గట్టుపై నడచునప్పుడు మనమేమి చేయుదుము? మోకాళ్ళు కొంచెము వంచి, అడుగు చిన్నదిచేసి, పాదము మొత్తము ఒక్కసారి ఆనించి, బరువు ముందు కాలిపై మోపి నడతుము. పెద్ద అడుగు వేసినచో కాలు నేలను ఏటవాలుగా నెట్టును. ఆ అడ్డపు బలమును ఆపుటకు తగిన ఘర్షణ మంచుపై లేదు. చిన్న అడుగులో బలము నిట్టనిలువుగా పడును. చిన్నప్పుడు మా నాయన నేర్పిన ఆ గట్టునడకతోనే మిగిలిన రెండు దినములు స్టాక్‌హోములో తిరిగితిని, మరల పడలేదు.

ఇంటికి వచ్చిన తరువాత తరగతిలో ఈ కథయంతయు చెప్పి, నల్లబల్లపై లెక్క వేసి, పాత మాటను తుడిచివేసితిని. వెనుక వరుసలో ఒక పిల్లవాడు చేయెత్తెను.

"సార్, మరి పరీక్షలో ఏం రాయమంటారు?"

"తీగను గూర్చి అడిగిన పీడనమని వ్రాయుము. జారుట గూర్చి అడిగిన లెక్క కూడ వేసి చూపుము. దిద్దువారు మార్కులు తగ్గించినచో నాయొద్దకు తీసికొనిరమ్ము" అంటిని. ఇంతవరకు ఇద్దరు తెచ్చిరి.